జాన్‌బీ టీసీ

నకరికల్లు బడికి అందరికంటే ముందు వచ్చేది గుమాస్తా కృష్ణకుమారి. ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు పక్కగది తాళం తీసి, కిటికీ రెక్కలు తెరిచి, తడిగుడ్డతో బల్లలు తుడిచి, మూలనున్న పెద్దపెట్టె స్విచ్చి వేసేది. బీరువా అంత ఎత్తున్న ఆ పెట్టె గుంటూరులో ఎవరో పొగాకు వ్యాపారస్తులు ఏళ్ళ తరబడి వాడి వదిలేసింది. ఆ కుటుంబంలో పెద్దాయన ఒకాయన చిన్నప్పుడు ఇదే బడిలో చదువుకున్నాడు. ఎనభై నాలుగు జూన్‌లో దాన్ని లారీ కెక్కించి పంపించాడు. దాన్నుంచి తీగలు లాగి హెడ్మాస్టరు గదిలో ఒక తెర, స్టాఫ్ రూములో ఒక తెర, కృష్ణకుమారి బల్ల మీద ఒక తెర పెట్టారు. ఎక్కడ ఏది కొట్టినా వెళ్ళి చేరేది పెద్దపెట్టెలోకే. పిల్లల పేర్లు, హాజరు, మార్కులు, ఎత్తు, బరువు అన్నీ దాని కడుపులోనే ఉండేవి.

పెట్టె వేడెక్కాక ప్రింటరు కీచుకీచుమంటూ ఆ రోజు హాజరు పట్టీలు కొట్టేది. ఒక్కో తరగతికి ఒక్కో కాగితం, పేరుకో ఖాళీ గడి. మేష్టర్లు పిల్లల్ని పిలిచి గళ్ళు నింపి పంపితే మళ్ళీ కృష్ణకుమారి వాటిని ఎక్కించేది. పదో తరగతి పట్టీలో ఇరవై మూడో నంబరు ఎదుట మాత్రం గడి ఖాళీగా ఉండేది కాదు. జాన్‌బీ హాజరు అప్పటికే పడి ఉండేది.

జాన్‌బీ చనిపోయి అయిదేళ్ళు కావస్తోంది. ఆరో తరగతిలో ఉండగా, పెట్టె వచ్చిన రెండో నెలలో, బడికొస్తూ వంతెన మీద కాలు జారి సాగర్ కాలువలో పడిపోయింది. కృష్ణకుమారికి అప్పుడు కొత్త ఉద్యోగం. పెట్టెలోంచి ఒక పేరు తీసెయ్యడం ఎలాగో ఆమె మొదట నేర్చుకున్నది ఆ పిల్ల పేరుతోనే. మర్నాడు పొద్దున చూస్తే పేరు మళ్ళీ ఉంది. మళ్ళీ తీసేసింది. మళ్ళీ వచ్చింది. మూడో రోజు కాగితం పట్టుకెళ్ళి హెడ్మాస్టరు సీతారామాంజనేయులు గారికి చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఉండనీయమ్మా. పిల్ల బడికొస్తానంటే వద్దనడానికి మనమెవరం?" అని సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. రెండో బెంచీలో గోడవైపు చోటు జాన్‌బీకి వదిలేసేవాళ్ళు. మూడు నెలల పరీక్షలు కాగానే ఆమె మార్కులూ పడేవి. ఏడో తరగతిలో లెక్కల్లో ముప్పైనాలుగు వస్తే లెక్కల మేష్టారు చూసి, "దీనికి భిన్నాలు ఇంకా పట్టుబడలేదు" అని, ఆ పాఠం తరగతి మొత్తానికీ ఇంకోసారి చెప్పాడు. తర్వాతి పరీక్షలో యాభైరెండు వచ్చింది. ఒకసారి జ్వరమొచ్చిందేమో, వారంరోజులు హాజరు పడలేదు. ఆ తర్వాత బరువు రెండు కేజీలు తగ్గింది.

ఆ మార్కులూ కొలతలూ ఉన్న కార్డు తీసుకెళ్ళడానికి జాన్‌బీ తల్లి సైదాబీ వచ్చేది. అడ్డరోడ్డు మీద లారీ మెకానిక్కు జహంగీర్ భార్య ఆమె. బుట్టలో గాజులు పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతుంది. చదువు రాదు. కృష్ణకుమారి కార్డు చదివి చెబుతుంటే మార్కుల కంటే ముందు ఎత్తు అడిగేది.

"ఎంతైందమ్మా నా బిడ్డ?"

"నాలుగడుగుల తొమ్మిదంగుళాలు పిన్నీ."

"అబ్బో! పోయినేడు కుట్టిన లంగాలు ఇంక పనికిరావు" అంటూ ఆ మధ్యాహ్నమే గుడ్డ కొనేది.

ఆమె వెనకాల గుమ్మం పట్టుకుని రెండో కూతురు మున్నీ నిలబడేది. పదేళ్ళ పిల్ల. బడిలోకి అడుగు పెట్టడమంటే అక్క కార్డు కోసం రావడమే తప్ప ఏ తరగతిలోనూ కూర్చుని ఎరగదు. ఎవరైనా అడిగితే సైదాబీ, "ఒకదాన్ని చదివిస్తన్నాగా, చాల్లే" అనేది. మున్నీని కాలువగట్టు మీదికి ఒంటరిగా వెళ్ళనిచ్చేది కాదు. వంతెన దాటాల్సొస్తే పిల్ల మణికట్టు ఎర్రబడేదాకా పట్టుకుని నడిచేది.

ఎనభై తొమ్మిది జనవరిలో హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. పెద్దపెట్టెలో నడిచే సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసినవాళ్ళు ఆపేశారట. మార్చి ముప్పై ఒకటి తర్వాత పాడైతే చూసే దిక్కుండదు. అప్పటికే పెట్టె ఆ ఏడు రెండుసార్లు మొరాయించింది. ఒకసారి ఎనిమిదో తరగతి మార్కులన్నీ మింగేసింది. సీతారామాంజనేయులు గారు గుంటూరు వెళ్ళి ఆ పెద్దాయనతో మాట్లాడి కొత్త కంప్యూటరు ఇప్పించుకొచ్చారు.

దాన్ని బిగించడానికి ఆరోగ్యస్వామి అనే అతను వచ్చాడు. గుంటూరు బస్సులో పొద్దున్నే దిగి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. కొత్త కంప్యూటరు బల్ల మీద పట్టేంత చిన్నది. దాని సాఫ్ట్‌వేర్ పలచటి ఫ్లాపీల్లో వచ్చింది.

"పాతదాని భాష దీనికి తెలీదు మేడం. ఒక్కో పేరూ చేత్తో కొట్టాల్సిందే" అన్నాడు.

ఆరువందల పన్నెండు మంది పిల్లలు. మార్చి నెలంతా పాతది ఒకపక్క నడుస్తుండగానే ఇద్దరూ కూర్చుని కొట్టారు. పదో తరగతి దగ్గరికొచ్చేసరికి ఆరోగ్యస్వామి పట్టీలో ముందే పడిన హాజరు చూశాడు. సంగతి కృష్ణకుమారి చెప్పింది. అతను తలూపి, "అయితే ఈ అమ్మాయివి మీరే కొట్టండి మేడం, మీకు బాగా తెలుసుగా" అన్నాడు.

కొట్టింది. కొత్తది పేరు తీసుకుంది. కానీ మర్నాడు కొత్త పట్టీలో ఇరవై మూడో గడి ఖాళీగా వచ్చింది. ఆ మర్నాడూ అంతే. అదే పొద్దున పెద్దపెట్టె ఇచ్చిన కాగితంలో మాత్రం హాజరు ఉంది.

"ఇందులో మనం ఎక్కించిందే ఉంటుంది మేడం. ఎక్కించనిది రాదు" అన్నాడు ఆరోగ్యస్వామి మెల్లగా.

అతను భోజనానికి వెళ్ళాక కృష్ణకుమారి కొత్త కంప్యూటరు ముందు ఒక్కతే కూర్చుంది. రోజూ ఒక్క అక్షరం కొడితే చాలు, జాన్‌బీ బడికొచ్చినట్టే. మార్కులు కూడా తనకి తోచినవి వెయ్యొచ్చు. ఏడాదికో అంగుళం పెంచొచ్చు. సైదాబీకి ఎప్పటికీ తెలీదు. ఒకసారి హాజరు కొట్టింది. తెర మీద ఆ అక్షరాన్ని చూస్తుంటే వేరేవాళ్ళ సంతకం పెట్టినట్టు అనిపించింది. తీసేసింది. అయిదేళ్ళుగా ఆ పిల్ల తనంతట తను వచ్చింది కాబట్టే అందరూ చోటిచ్చారు. తను రప్పిస్తే అది జాన్‌బీ కాదు.

ఆ వారంలోనే సైదాబీ వచ్చింది. కృష్ణకుమారి ఆమెను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. సైదాబీ గాజులబుట్ట ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"పాతదాన్ని ఒక మూల ఉంచుకోండమ్మా. మీకేం అడ్డం?"

"చెడిపోతే బాగుచేసేవాళ్ళు లేరు పిన్నీ. ఇవాళ కాకపోతే రేపు అదే ఆగిపోద్ది."

"అప్పుడు నా బిడ్డ ఏడకి పోవాలి?"

గుమ్మం దగ్గర మున్నీ గోడ మీది అక్షరాల పటం మీద వేలు పెట్టి ఒక అక్షరం దిద్దుతోంది. అది 'అ' అని కూడా ఆ పిల్లకి తెలీదు.

"మున్నీనన్నా పంపరాదా పిన్నీ? మూడో తరగతిలో కూర్చోబెడతాం. నేను దగ్గరుండి చెప్పిస్తా."

సైదాబీ లేచి, "నన్ను చానా మంది అడిగార్లే అమ్మాయ్. ఆ కాలువ అడ్డంగా ఉందా లేదా?" అంది. అని, బుట్ట ఎత్తుకుని, పిల్ల రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది.

ముప్పై ఒకటో తారీకు మధ్యాహ్నం పెట్టె ఆపుతామని కబురు చేస్తే సైదాబీ వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. మున్నీ కూడా వచ్చింది. సీతారామాంజనేయులు గారు కుర్చీ వేయించినా కూర్చోలేదు. ఆరోగ్యస్వామి ముందు హెడ్మాస్టరు గది తెర ఆపాడు. తర్వాత స్టాఫ్ రూముది. చివర కృష్ణకుమారి బల్ల మీది తెర నల్లబడింది. ఇంక కొట్టేవాళ్ళు లేరు, కొట్టడానికి చోటూ లేదు. అతను పెద్దపెట్టె స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు ప్రింటరు మొదలైంది.

అతను చెయ్యి తీసేశాడు. ప్రింటరు ఒక కాగితం పూర్తి చేసి, కాస్త ఆగి, రెండోది కొట్టి ఊరుకుంది. కృష్ణకుమారి రెండూ చింపి తీసింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ చదివింది.

"ఇది టీసీ పిన్నీ. షేక్ జాన్‌బీ, తండ్రి జహంగీర్. పదో తరగతి. ప్రవర్తన మంచిది. బడి విడుచుటకు కారణం..." ఆమె ఆ వరస మీద వేలు పెట్టింది. "చదువు ముగిసింది."

సైదాబీ కాగితం అందుకుని రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది. ఏడవలేదు. "రెండోది ఏంది?"

"ఇది బడిలో చేరడానికి దరఖాస్తు. పేరు, షేక్ చాందినీ."

సైదాబీ ఉలిక్కిపడి మున్నీ వంక చూసి, కృష్ణకుమారి వైపు తిరిగింది. "ఎవరు చెప్పారమ్మా నీకా పేరు?"

"ఇందులో ఉంది పిన్నీ. ఎవరు చాందినీ?"

"ఇదే. ఇది పుట్టినరోజున జాన్‌బీ పెట్టింది ఆ పేరు. ఆరేళ్ళది అప్పుడు. మేం మున్నీ మున్నీ అని పిల్చుకున్నాం. పెద్దదానికి తప్ప ఆ పేరు ఎవరికీ గుర్తు లేదు." ఆమె దగ్గరగా జరిగింది. "ఇంకా ఏముంది?"

"పుట్టిన ఏడు, అమ్మా నాన్నల పేర్లు... కింద ఒక గడి ఉంది. బడికి తోడు వచ్చేవాళ్ళు ఎవరని."

"ఎవరంట?"

"అక్క."

కిటికీ బయట పిల్లలు మంచినీళ్ళ గంటకి గోల చేస్తున్నారు. సైదాబీ ఇంకోసారి చదవమంది. చదివింది. మూడోసారి చదవమంది. అప్పుడు కృష్ణకుమారి బల్ల మీది సిరాపెట్టె తనే తెరిచి, బొటనవేలు అద్ది, దరఖాస్తు అడుగున నొక్కింది.

"కొత్తదాంట్లోంచి జాన్‌బీ పేరు తీసెయ్ అమ్మాయ్. దాని చదువైపోయింది. చిన్నదాని పేరు రాయి" అంది.

ఆరోగ్యస్వామి పెద్దపెట్టె ఆపాడు. కృష్ణకుమారి కొత్తదాంట్లోంచి జాన్‌బీ పేరు తీసేసింది. ఈసారి మర్నాడు మళ్ళీ రాలేదు.

జూన్‌లో చాందినీ మూడో తరగతిలో తనకంటే పొట్టి పిల్లల మధ్య కూర్చుంది. నెలన్నరకల్లా అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. కాలువ ఎండి ఉన్నన్నాళ్ళూ తల్లే దిగబెట్టి వెళ్ళేది. ఆగస్టులో నీళ్ళు వదిలారు. ఆ పొద్దున కృష్ణకుమారి కిటికీ తెరిచేసరికి అవతలి గట్టున సైదాబీ వంతెన మొదట్లోనే ఆగిపోయి కనిపించింది. కింద ఎర్రటి నీళ్ళు అంచుల దాకా పారుతున్నాయి.

చాందినీ ఒక్కతే వంతెన మీదికి వచ్చింది. నడిమధ్యలో నడుస్తోంది. ఎడమచెయ్యి భుజం దాకా పైకి లేచి ఉంది, తనకంటే ఒక అడుగు పొడుగున్న మనిషి వేలు పట్టుకున్నట్టు. ఆ పక్కకి తలెత్తి ఏదో గడగడా చెబుతోంది. మధ్యలో ఆగి విని, నవ్వింది. వంతెన దాటి బడి గేటు దగ్గరికొచ్చాక ఆ చెయ్యి కిందికి దిగింది. పిల్ల పలకసంచీ సర్దుకుని మూడో తరగతి వైపు పరుగెత్తింది.

అవతలి గట్టున సైదాబీ ఇంకాసేపు నిలబడి, గాజులబుట్ట నెత్తికెత్తుకుని అమ్మకానికి వెళ్ళిపోయింది.