ఊరెళ్ళిందని చెప్పాం

వీధిలో అచ్చు ప్రెస్సు నడిపే మన ప్రెస్సాయనకు ఒక పాడు అలవాటు ఉండేది. టీ పందెం! ఎవరైనా కళ్ళు ఒత్తుకుంటూ వచ్చి "కనబడుటలేదు" అని పోస్టరు వేయించుకుని వెళ్ళారంటే, ఆ మనిషి మెట్లు దిగీ దిగకముందే మిషను నడిపే అతనివైపు తిరిగి కన్ను కొట్టేవాడు. "ఏమంటావ్? లేచిపోవడమా, అప్పులా, మతిమరుపా?" తర్వాత సంగతి తెలిశాక ఓడినవాడు టీ తెప్పించాలి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు! అలాగని ఆయన దుర్మార్గుడేం కాదు. లేనివాళ్ళ దగ్గర కాగితం ఖరీదు మాత్రమే తీసుకునేవాడు. ఫోటో మసకగా ఉంటే భోజనం మానేసి మరీ సరిచేసేవాడు. ఆ నోరే ఊరుకునేది కాదు.

ఆయన భార్యను వీధంతా ప్రెస్సమ్మ అంటుంది. ఆమె పక్క బల్ల దగ్గర పెళ్ళికార్డులు మడతపెడుతూ ఈ పందేలన్నీ వినేది. ఒక్కోసారి తానూ నవ్వేది. చదువరులారా, నవ్వనివారు మనలో ఎంతమంది? గోడమీద ఆడపిల్ల ఫోటో కనబడితే "ఎవడితో పోయిందో" అనుకోకుండా దాటి వెళ్ళినవారు ఎంతమంది?

ఆ ఇంట్లోనే ప్రెస్సాయన చెల్లెలు చిట్టి కూడా ఉండేది. మొగుడి తాగుడూ తన్నులూ పడలేక పుట్టింటికి వచ్చేసి, బజారులో కళ్ళజోళ్ళ దుకాణంలో పని చూసుకుంది. వదినకూ ఆడపడుచుకూ పొసగదంటారు గానీ, వీళ్ళిద్దరికీ ఒకరు లేకపోతే ఒకరికి ముద్ద దిగేది కాదు. "వదినా, నీ కొత్త చెప్పులు వేసుకెళ్తున్నా. అడగడం లేదు, చెబుతున్నా!" అని అరుస్తూ వీధిలోకి పరుగెత్తేది చిట్టి.

అలా పనికి వెళ్ళిన పిల్ల ఒక సాయంత్రం ఇంటికి రాలేదు.

ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆ తర్వాత మోగడమే మానేసింది. "ఎప్పటిలాగే బయల్దేరిందే" అన్నాడు దుకాణం యజమాని. ప్రెస్సాయన బజారంతా గాలించి వచ్చాడు. కానీ ఒక్కరినీ నోరు తెరిచి అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారు కదా!

తెల్లారగానే ప్రెస్సమ్మ, "స్టేషనుకు వెళ్దాం పదండి. పోస్టర్లు కూడా వేసేద్దాం. మిషను మనదేగా" అంది.

"నీకేమన్నా మతి పోయిందా? అసలే మొగుణ్ణి వదిలేసి వచ్చిన పిల్ల. దాని ఫోటో గోడెక్కిందా, ప్రతి టీకొట్టు దగ్గరా పందేలే! రేపు అది తిరిగొస్తే తలెత్తుకుని నడవగలదా? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందే. రెండ్రోజులు చూద్దాం. ఎవరడిగినా పిన్నిగారింటికి ఊరెళ్ళిందని చెప్పు."

లోకుల నోరు ఎంత చెడ్డదో ఆయనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? అందులో ఒక నోరు ఆయనదే!

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు ఆటో ఆగింది. నడిపేది వీధి చివరి ఇంటి ముసలాయన, అందరికీ బాబాయే. తల బయటపెట్టి, "చిట్టి ఇంట్లో ఉందా తల్లీ?" అని అడిగాడు.

ప్రెస్సమ్మ గుమ్మంలోకి వచ్చింది. వెనకనుంచి మొగుడు చూస్తున్నాడు. లేని నవ్వు తెచ్చుకుంది.

"లేదు బాబాయ్. నిన్న సాయంత్రమే వాళ్ళ పిన్నిగారి ఊరెళ్ళింది."

"నిన్న సాయంత్రమా? మరి క్షేమంగా చేరిందా?"

ఒక అబద్ధం నిలబడాలంటే పక్కన ఇంకోటి నిలబెట్టాలి. "ఆ, చేరింది. ఇప్పుడే ఫోన్ చేసింది" అంది ప్రెస్సమ్మ.

"హమ్మయ్య! బతికించావు" అంటూ బాబాయి బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. అంత పెద్ద హమ్మయ్య ఎందుకో ఆలోచించే స్థితిలో ఆమె లేదు.

రెండ్రోజులు కాస్తా వారమయింది. వారం కాస్తా నెల దాటింది. ఫోను మోగితే ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడేవారు. పేపరు వస్తే ప్రెస్సమ్మ ముందు లోపలి పేజీలు తిప్పి, గుర్తుతెలియని శవం అన్న వార్త ఉందేమోనని వెతికేది. లేకపోతే ఆ పూటకు ఊపిరి పీల్చుకునేది. ప్రెస్సాయన దొంగలా వెళ్ళి చిట్టి మొగుడి ఇల్లు చూసొచ్చాడు. తాళం వేసి ఉంది. "చూశావా? ఇద్దరూ రాజీపడి ఎక్కడికో వెళ్ళుంటారు" అన్నాడు. ఆ మాట ఆయనకే నమ్మకంగా లేదు. ఒకరోజు ఎవరో పోస్టరు వేయించుకుని వెళ్ళగానే మిషను అతను అలవాటుగా "ఏమంటారు సార్?" అన్నాడు. "నోరు మూసుకుని పని చెయ్యి!" అని ప్రెస్సాయన అరిచిన అరుపుకు పక్క కొట్టువాడు కూడా తొంగిచూశాడు.

ఇంతలో ఒకరోజు బాబాయి ఆటోకు అంటించే స్టిక్కరు కోసం ప్రెస్సుకు వచ్చాడు. "ఏంటి తల్లీ, చిట్టి ఇంకా రాలేదా? కళ్ళజోడు విరిగింది. అదొస్తే చేయించుకుందామని కూర్చున్నా" అన్నాడు.

ప్రెస్సమ్మ ఇక ఆపుకోలేకపోయింది. "అది ఊరెళ్ళలేదు బాబాయ్! ఆ సాయంత్రం నుంచి కనబడటంలేదు."

ముసలాయన పక్కనున్న కాగితాల కట్టల మీద కూలబడ్డాడు.

"ఎంత పని చేశావమ్మా! ఆ సాయంత్రం పాత సినిమా హాలు పక్కన ఎవడో ఒక పిల్లని చెయ్యి పట్టి తెల్ల వ్యానులోకి లాగుతున్నాడు. చిట్టిలా ఉందే అనుకున్నా. నేను బండి తిప్పేలోపే వెళ్ళిపోయింది. నెంబరు మాత్రం చూశా. మర్చిపోకూడదని పైకి అనుకుంటూనే ఉన్నా. పొద్దున్నే ముందు నీ దగ్గరికే వచ్చా. చేరింది, ఫోన్ చేసింది అన్నావు. అయితే మన చిట్టి కాదు, ఎవరో మొగుడూ పెళ్ళాల గొడవ అనుకుని వదిలేశా."

"నెంబరు చెప్పు బాబాయ్! నెంబరు!"

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. మళ్ళీ కదిలాయి. ఆడుతున్న మిషను ఎవరో ఆపేశారు. భార్యాభర్తలిద్దరూ ఆ పెదాలవైపే చూస్తూ నిలబడిపోయారు.

"రావట్లేదు తల్లీ. ఆ రాత్రంతా నోట్లోనే ఆడింది. ఇప్పుడు ఒక్క అంకె రావట్లేదు" అని ఆ పెద్దాయన బావురుమన్నాడు.

ప్రెస్సమ్మ చేతిలో కార్డులు బల్లమీద పడేసింది. "నేను స్టేషనుకు వెళ్తున్నా. వస్తే రండి" అని మొగుడితో అని, బాబాయి ఆటో ఎక్కింది. ప్రెస్సాయన చెప్పులు కూడా లేకుండా వెనకాలే వచ్చి ఎక్కాడు.

స్టేషనులో ఉన్నది ఒక మహిళా ఎస్సై. మొత్తం విన్నది. ఎక్కడికో ఫోన్ చేసి కనుక్కుంది. ఫోన్ పెట్టేసి వాళ్ళవైపు తిరిగింది.

"సినిమా హాలు ఎదురుగా మందుల షాపులో కెమెరా ఉందమ్మా. అప్పుడే వచ్చుంటే ఆ వ్యాను అందులో దొరికేది. ఇప్పుడు అది చెరిగిపోయి కొత్త రికార్డింగు ఎక్కేసింది. వెతకడం మానం. ఆ మొగుడి కోసం ఈరోజే మనుషుల్ని పంపిస్తాను. కానీ ఒక్క మాట. చిట్టిని ఎత్తుకెళ్ళినవాడు ఎవడో గానీ, వాడికి ఇంతకాలం కాపలా కాసింది మీరు. మావాళ్ళూ తక్కువేం తినలేదు. 'ఎవడితోనో పోయుంటుంది, వస్తుందిలే' అని తల్లిదండ్రుల్ని వెనక్కి పంపినవాళ్ళు మాలోనూ ఉన్నారు. అందరం కలిసి నోళ్ళు మూసుకుని కేసులు తేలమంటే ఎలా తేలతాయి?"

ప్రెస్సాయన తల వంచుకుని విన్నాడు. తిరిగొచ్చాక ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా తానే కూర్చుని చెల్లెలి ఫోటో కంప్యూటరులోకి ఎక్కించాడు. పైన "కనబడుటలేదు" అని కొట్టాడు. ఎన్నిసార్లు కొట్టిన మాటో అది! చాలాసేపటికి కింద ఇంకో రెండు ముక్కలు చేర్చాడు. "ఈమె ఊరెళ్ళిందని మేము మీ అందరితో అబద్ధం చెప్పాం. ఆ సాయంత్రం మీరేం చూసినా, ఎంత చిన్నదైనా, దయచేసి వచ్చి చెప్పండి."

మొదటి పోస్టరు తన ప్రెస్సు తలుపుకే అంటించాడు. అంచులు ప్రెస్సమ్మ అదిమింది. జనం మూగారు. గుసగుసలు రాకపోలేదు. "మొగుణ్ణి వదిలేసిన పిల్లేగా" అన్నారెవరో. ప్రెస్సాయన ఆ గొంతు వచ్చినవైపు తిరిగాడు. "అవును, ఆ పిల్లే. నేనూ మొన్నటిదాకా మీలాగే వాగినవాణ్ణే. ఏం కావాలంటే అది అనుకోండి. చూసింది మాత్రం చెప్పండి" అన్నాడు చేతులు జోడించి. అప్పుడు పళ్ళబండి అతను ముందుకొచ్చాడు. ఆ తెల్ల వ్యాను అంతకుముందు కూడా కళ్ళజోళ్ళ దుకాణం దగ్గర ఆగి ఉండేదనీ, దాని వెనక తలుపు సొట్టపడి ఉంటుందనీ చెప్పాడు. ఎస్సైకి ఆ మాట వెంటనే చేరింది.

చిట్టి ఇంకా దొరకలేదు. దొరికిందని రాయాలని నా మనసు కొట్టుకుంటోంది గానీ, అబద్ధాల వల్ల జరిగిన అన్యాయం చెబుతూ మళ్ళీ నేనొక అబద్ధం రాయలేను.

జనం వెళ్ళిపోయాక ఒక ఆడమనిషి మాత్రం మిగిలింది. పక్క వీధిలో పాలకేంద్రం నడిపే ఆవిడ. పోస్టరులో చివరి రెండు ముక్కలే మళ్ళీ మళ్ళీ చదువుతోంది. ప్రెస్సమ్మ దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా పెద్దాడు పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడని అందరితో చెబుతుంటాను కదమ్మా. వాడెక్కడున్నాడో నాకు తెలీదు. వాళ్ళ నాన్న నలుగురిలో కొట్టాడని వెళ్ళిపోయాడు. ఇంతవరకు కబురు లేదు. ఇప్పుడు నిజం చెబితే నవ్వుతారేమో..."

"నవ్వేవాళ్ళు నవ్వనీ" అంటూ ప్రెస్సమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసింది. ప్రెస్సాయన చేతుల సిరా తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అబ్బాయి ఫోటో ఇవ్వక్కా, ఈ పూటే అచ్చేద్దాం" అంది ప్రెస్సమ్మ. "మన పరువు వాళ్ళను ఇంటికి తీసుకురాదు. తెస్తే గిస్తే నలుగురి కళ్ళే తేవాలి."