పప్పులో కలిపినది

మా చెల్లెల్ని ఇంట్లో అందరం పిట్ట అనేవాళ్లం. దానికి నడక కంటే ముందు పరుగే వచ్చిందని అమ్మ నవ్వేది. అమ్మ పోయేనాటికి దానికి ఎనిమిదేళ్లు, నాకు పంతొమ్మిది. అప్పటినుంచీ దానికి ముద్ద కలిపి పెట్టింది నేనే. క్రీడాకారుల హాస్టల్లో నేను వంటమనిషిగా చేరిన మూడేళ్లకు అదీ పది కిలోమీటర్ల పరుగుకు ఎంపికై అక్కడికే వచ్చింది. రోజూ నూట నలభై మందికి వండేదాన్ని. కళ్లు మాత్రం ఒక్క కంచం మీదే ఉండేవి.

ఒకరోజు పొద్దున సాధన ముగించుకుని వచ్చి, వంటగది గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఇకనుంచి నాకు మాంసం, గుడ్లు, పాలు ఏవీ వద్దు."

"ఏమే, ఒంట్లో బాగాలేదా?"

రోడ్డు మీద పరిగెడుతూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, కబేళాకు పోతున్న లారీలోంచి ఒక దూడ మూతి బయటపెట్టి పిట్ట మోచేతి మీది చెమట నాకిందట. "ఉప్పు కోసం నాకిందని నాకూ తెలుసు. అయినా ఇక నావల్ల కాదు" అంది.

కోచ్ ఆ మాట విని, "ఆకులూ అలములూ తింటే మేకలా అరుస్తావు తప్ప పరిగెత్తలేవు" అన్నాడు. హాస్టల్ డాక్టరమ్మ మాత్రం రక్తపరీక్ష చేయించి, ఇనుము కాస్త తక్కువుందని, పప్పులు, గింజలు, సోయా బాగా పెట్టమని, మాత్రలు మానొద్దని చెప్పి ఒక కాగితం రాసిచ్చింది. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాను. అంటించానే గాని, సగం కూడా చదవలేదు. ముప్పూటలా గరిటె తిప్పేదాన్ని, తిండి గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నాను.

నెల తిరిగేసరికి పిట్ట బుగ్గలు లోపలికి పోయాయి. ఎప్పుడూ మూడో స్థానానికి తగ్గనిది ఏడో స్థానంలో వచ్చింది. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పలేక విప్పుతుంటే చూశాను. 

మర్నాడు మిగతావాళ్ల సూప్ కోసం తెచ్చిన ఎముకల్లోంచి నాలుగు తీసి, చిన్న మంట మీద నాలుగు గంటలు మరిగించాను. పైన తేలిన కొవ్వు తీసేసి, గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లు దాని పప్పులో కలిపాను. వాసన తెలియకుండా వెల్లుల్లి, మిరియాలు దంచి వేశాను.

"ఇవాళ పప్పు అదిరింది అక్కా!" అని వేళ్లు నాకింది.

సిగ్గుపడాల్సింది పోయి, సంతోషపడ్డాను. నాలుగు నెలలు ఒక్కరోజు తప్పకుండా అదే పని చేశాను.

ఆ నెలల చివర జరిగిన పెద్ద పోటీలో అది గెలిచింది. ముప్పై నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. కోచ్ తన చెవులు తనే పట్టుకుని, "మేకే గెలిచిందమ్మా, ఒప్పుకున్నాను" అన్నాడు. పిట్ట మైకు తీసుకుని, "మా అక్క వండిన పప్పు తిని గెలిచాను" అని అందరి ముందూ చెప్పింది. చప్పట్లు నాకు చెంపల మీద పడ్డట్టే అనిపించాయి.

రెండు రోజులకు, కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు వంటగదికి వచ్చారు. "మేమూ మాంసం మానేశాం ఆంటీ. అక్కకు పెట్టేదే మాకూ పెట్టండి" అన్నారు.

ఇక దాచడం నావల్ల కాలేదు. మధ్యాహ్నం భోజనాల హాలు ఖాళీ అయ్యాక, బల్లలు తుడుస్తూ పిట్టను పిలిచి చెప్పేశాను. అది అరవలేదు.

"ఎన్నాళ్లు?"

"నాలుగు నెలలు."

"మరి గెలిచింది నేనా, ఆ ఎముకలా? ఇప్పుడు నాకెలా తెలుస్తుంది?"

"నీ మంచికేనే, పిట్టా..."

"మంచికే. కానీ నన్ను అడగాల్సింది."

"అడిగితే వద్దనేదానివి."

"వద్దనేదాన్నే" అంది. నా చేతిలోని గుడ్డ తీసుకుని, సగం తుడిచిన బల్లను తనే తుడిచేసి వెళ్లిపోయింది.

వారం తిరగకుండానే వేరే ఊళ్లో శిక్షణ కేంద్రానికి మారింది. పోతూ ఫ్రిజ్ మీది కాగితం అడిగి తీసుకుంది. ఇచ్చేముందు దాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. 'ఒంట్లో ఇనుము నిండడానికి మూడు నెలలు పడుతుంది. అందాకా నీరసం ఉండొచ్చు. తొందరపడొద్దు' అని కింద రాసి ఉంది.

అక్కడ గింజలు తనే నానబెట్టుకునేదట, తనే వండుకునేదట. మరుసటి ఏడాది అదే పోటీని హాలు టీవీలో చూశాను. ముప్పై మూడు నిమిషాల నలభై ఒక్క సెకన్లు. పిల్లలంతా లేచి, "ఆంటీ, మీ చెల్లెలే!" అని నన్ను చుట్టుముట్టారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఓపిక పట్టి పప్పును పప్పులాగే వండి ఉంటే, ఆ పరుగులో నా చేతిముద్ద కూడా ఒకటి ఉండేది.

ఫోన్లో బాగానే మాట్లాడుతుంది. సెలవులకు ఇంటికి వస్తుంది, నా చేతివంటే తింటుంది. కాకపోతే నేను పొయ్యి వెలిగించినప్పటినుంచి దించేదాకా వంటగదిలోనే, నా పక్కనే నిలబడుతుంది. కబుర్ల కోసం అంటుంది. నేనూ కబుర్లు చెబుతూనే వండుతాను.