వేగం అందని ఆరు

పరిశోధనశాలలో కట్టబోయే కణ త్వరణ యంత్రం కోసం ఏడు నెలలుగా ఆమె నాలుగు రాగి పలకల అంచులతో కుస్తీ పడుతోంది. ఆ పలకల నడుమ సన్నని సందులో రేడియో తరంగం అయాన్లను కూడగట్టి, తోసి, వేగం అందించాలి. అంచుల మీది వంపులను వెంట్రుకవాసి మార్చిన ప్రతిసారీ కంప్యూటరులో లక్ష అయాన్లను వదిలి చూసింది. చివరికి నూటికి తొంభైఒకటి పూర్తి వేగం అందుకున్నాయి. పైవాళ్లు అడిగింది తొంభైఐదు.

ఆ ఉదయం నివేదికలో తొంభైఏడు అని ఉంది.

అరనిమిషం ఆమె గుండె గంతులేసింది. తర్వాత ప్రోగ్రాము తెరిచింది. వేగం అందని అయాన్లను లెక్కలోంచి ఏరివేసే వరుసను ఎవరో తీసేశారు. తరంగం మీంచి జారిపోయి, ఈసురోమంటూ అవతలి కొసన బయటపడ్డ ఆరింటినీ గెలిచినవాటిలో కలిపేశారు. అవి తర్వాతి గొట్టంలో గోడలకు కొట్టుకుని, ఏడాది తిరక్కుండానే దాన్ని పాడుచేస్తాయి.

"చూశావా అమ్మాయ్, మన తొంభైఏడు!" అంటూ విభాగాధిపతి వచ్చాడు. వెనకాల అందరూ ఆయన్ను 'నూటికి నూరు' అంటారు. నూనె అంటిన వేలిని నాలుకతో తడుపుకుని ఆమె డ్రాయింగులు తిరగేశాడు.

"ఆ వరుస మీరు తీశారా సార్?"

"అవతలికి చేరాయిగా? ఇంకేం కావాలి? డిజైనర్ గడిలో సంతకం పడేయ్. మధ్యాహ్నం మేస్త్రి రాగి కోస్తాడు."

"చేరడం వేరు, వేగం అందుకోవడం వేరు. నేను పెట్టను సార్."

"అబ్బో! మా అందరిలో నువ్వొక్కదానివే కడిగిన ముత్యానివి!" పంటి సందున ఇరుక్కున్నదాన్ని ఆమె పెన్సిలు మొనతో లాగి, పెన్సిలును మళ్లీ ఆమె డబ్బాలోనే పెట్టాడు.

ఆమె పెన్సిలును చెత్తబుట్టలో పారేసి వర్క్‌షాపుకు వెళ్లింది.

"రాగి కోయకండి మేస్త్రిగారూ. నేను సంతకం పెట్టలేదు."

"నీ సంతకం లేందే నా మిషన్ తిరగదులే తల్లీ."

ఇంతలో 'నూటికి నూరు' కాగితం ఊపుకుంటూ వచ్చాడు. దాని మీద ఆమె సంతకం ఉంది. కింద గీత, గీత కింద ఆమె పెట్టే రెండు చుక్కలు కూడా ఉన్నాయి. ఎన్నిసార్లు దిద్దుకున్నాడో! ఈ మనిషినా తను ఏడు నెలలుగా లేచి నిలబడి "సార్" అన్నది?

మేస్త్రి ఆమె వైపు చూశాడు. "ఇందాక పెట్టలేదన్నావే?"

"ఆడపిల్లలు కదయ్యా, క్షణానికో మాట," అని ఆయన కన్ను గీటాడు.

ఇంట్లో డిగ్రీ మొహం చూసింది ఆమె ఒక్కతే. దాంతో వచ్చిన, ఇంకా ఖాయం కాని ఉద్యోగం ఈయన చేతిలో ఉంది.

"అది నా సంతకం కాదు మేస్త్రిగారూ."

మేస్త్రి మిషన్‌కు కరెంటు తీసేసి, రాగి దిమ్మె మీద గుడ్డ కప్పాడు.

"నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం నా బల్ల మీదే ఉందమ్మా," అన్నాడు ఆయన మెత్తగా.

"దాని మీద కావలసింది మీ సంతకం సార్. అది నాకు పెట్టడం రాదు."

మేస్త్రి దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ఆమె చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్లతో ఆయన చేతిలోని దొంగసంతకం కాగితాన్ని తీసుకుని, డైరెక్టరు గదికి మెట్లెక్కింది.