కారే కుండ, నేరేడు వేరు

నేను ఒక కుండను. అందులోనూ కారే కుండను. కుమ్మరి కుండలు కాల్చే ఆవంలో ఓ అంచున పడ్డాను, సెగ సరిగా తగల్లేదు. ఓబులమ్మ నన్ను కొని వంటింట్లో పెట్టిందో లేదో, నేలంతా మడుగు కట్టింది. కాసింత చెమరిస్తే నీళ్లు చల్లగున్నాయని మెచ్చుకుంటారు, ఇంకాస్త చెమరిస్తే గెంటేస్తారు. మనుషుల న్యాయం అట్లా ఉంటుంది మరి.

గెంటడమూ మంచిదే అయింది. వాళ్ల శెనక్కాయ చేన్లో నిలువ నీడ లేదు. కిందటేడు కలుపు తీస్తూ ఓబులమ్మ ఎండదెబ్బకు పడిపోయింది. నీడ కోసం గట్టున నాటిన నేరేడు మొక్కలన్నీ మాడిపోగా ఒక్కటే మిగిలింది. దాని పక్కన నన్ను మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూత పెట్టింది.

"ఇదన్నా బతికితే చాలు సామీ" అని చేతులు జోడించింది.

మట్టిలో నేను చూసింది చెబితే నమ్మరు. నా చెమ్మను వెతుక్కుంటూ వేళ్లు చీకట్లో నా వైపే వచ్చాయి. వాటి కొసలకు కంటికి ఆనీ ఆనని నూగు. ఆ నూగు నన్ను తాకి చెమ్మ పీల్చేది. నీళ్లు దాంట్లోంచి వేరులోకి, వేరు నడుమ సన్నని గొట్టాల్లోకి, అక్కణ్ణుంచి పైకి. పైన ఎండకు ఆకు తడి వదిలితే, ఆ లాగుడు కింద నా గోడకు తెలిసేది. మోటారు లేదు, కరెంటు లేదు, అబ్బ, చప్పుడైనా లేదు! ఒళ్లు మరిచి చూస్తూ ఉండిపోయేదాన్ని.

ఓబులమ్మ మొగుడు తిప్పేస్వామికి మాత్రం తొందర. మందు చల్లందే పైరుకు తిండి పెట్టినట్టుండదు ఆయనకు. ఓ పొద్దున మూత తీసి దోసిళ్లతో యూరియా పోసి పోయాడు. మర్నాటికి ఆకులు వేలాడిపోయాయి. నా నిండా నీళ్లే, చుట్టూ తడే, అయినా మొక్క దాహంతో చచ్చిపోతోంది! నీళ్లు చిక్కదనం ఎటు ఎక్కువుంటే అటే పోతాయి. రోజూ వేరు లోపలే ఎక్కువుండే చిక్కదనం, యూరియా కరగడంతో ఇప్పుడు బయట ఎక్కువైంది. వేరు తాగిన నీళ్లే వెనక్కి మట్టిలోకి జారిపోతున్నాయి.

ఓబులమ్మ పరుగున వచ్చింది. "ఏమేసినావయ్యా దీంట్లో?"

"యూరియానే. బిన్నా, బిరబిరా పెరుగుతాదని…"

"మామిడికాయ ముక్కల్ని ఉప్పులో ఏసినట్టు చేసినావు గదయ్యా! ఊటంతా వదిలి ముడుచుకపోదా?"

తిప్పేస్వామి నన్ను చెంబుతో తోడి ఖాళీ చేశాడు. కుంట నుంచి బిందెలు మోసుకొచ్చి మొక్క పాదంతా కడిగినట్టు పోశాడు, మోశాడు, మళ్లీ పోశాడు. ఓబులమ్మ ఆకుల మీద కొంగు పట్టుకుని ఎండకు అడ్డంగా నిలబడింది. పొద్దు వాలేవేళ చిగురాకు ఒకటి మెల్లగా తలెత్తింది. నా గోడకు మళ్లీ ఆ లాగుడు తెలిసింది. ఏడుపొచ్చింది. కానీ నేను ఏడ్చినా కారుతోందనే అంటారు.

ఏళ్లు గడిచాయి. నన్ను పట్టుకున్న వేళ్లు లావెక్కి, ఒకనాడు నన్ను పగలగొట్టాయి. ఇప్పుడు పెంకులుగా వాటి పిడికిట్లోనే ఉన్నాను. పైన నేరేడు నీడలో కూలోళ్లు సద్ది మూటలు విప్పుతున్నారు.

"ఆడ పాతిన కుండ ఏమైందే?" అడిగాడు తిప్పేస్వామి.

"ఆ కారే కుండనా? ఎప్పుడో పగిలిపోయింటాదిలే" అని ఓబులమ్మ నేరేడు మొదట్లో చేరగిలబడి, కళ్లు మూసుకుంది. "అబ్బ, ఎంత చల్లగుందో!"

ఆ మాట కోసమే నన్ను కొనుక్కుంది పాపం.