వాషింగ్ మెషిన్ వాళ్ళ కోర్టు

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. అతను పోయాక కూడా అతని ఫోన్‌ను నేను చార్జింగులో పెడుతూ వచ్చాను. ఎక్కడో ఒక లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది, లోపల ఎవరో ఇరుక్కుంటారు, బయటివాళ్ళు ముందుగా అతనికే ఫోన్ చేస్తారు. ఇంకో మెకానిక్ నంబరు చెప్పడానికి ఎవరో ఒకరు ఎత్తాలి కదా. తమ్ముడు లేడండీ అంటే, ఎప్పుడొస్తాడని అడిగేవాళ్ళు. రోజంతా పిల్లల వాక్యాలు దిద్దే నాకు ఆ ఒక్క వాక్యం ఎలా చెప్పాలో తెలిసేది కాదు. నంబరు చెప్పి పెట్టేసేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఫోన్ ఆగకుండా టింగుటింగుమంటుంటే తెరిచాను. అదొక గ్రూపు. దాని సంగతి నాకు తెలుసు. ఒకే రకం వాషింగ్ మెషిన్ కొని నెత్తి కొట్టుకున్నవాళ్ళంతా కలిసి పెట్టుకున్నది. బట్టలు పిండేటప్పుడు ఆ మెషిన్ ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి వెళ్ళేది. చివరికి కంపెనీ వాళ్ళు వచ్చి ఏదో బిగించి దాన్ని నిలబెట్టారు. మెషిన్ నిలబడింది గాని, వీళ్ళ మాటలు ఆగలేదు. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు. బస్సులో పక్కవాడు మన భుజం మీద నిద్రపోతే లేపాలా వద్దా, వెళ్ళొస్తామన్న చుట్టాన్ని ఎన్నిసార్లు ఆపితే మర్యాద, ఎన్నిసార్లు ఆపితే అతను నిజంగానే ఆగిపోతాడు, ఇలాంటివే వాళ్ళ చర్చలు. అన్నం తింటూ తమ్ముడు అవన్నీ నాకు చదివి వినిపించేవాడు.

కొన్నాళ్ళు కనబడకుండా పోయిన మనిషి మీద కోర్టు పెట్టడం ఆ గ్రూపు అలవాటు. తలా ఒక నేరం మోపుతారు. ముద్దాయి వచ్చి తన కేసు తనే వాదించుకోవాలి. ఆ రోజు ముద్దాయి మా తమ్ముడు. వాళ్ళు అతన్ని లిఫ్టు అని పిలిచేవాళ్ళు.

న్యాయమూర్తి, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. అందరికీ బాబాయి. తన మెషిన్ కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టించి, అవి జారిపోతే దాని మీదెక్కి కూర్చోమని లిఫ్టు సలహా ఇచ్చాడనీ, ఈ వయసులో తాను నిజంగానే ఎక్కాననీ ఆయన ఫిర్యాదు. ఇంకొకామె నర్సు. లిఫ్టులో ఇరుక్కున్న మొగుడూపెళ్ళాల తగువు గ్రూపులో చెబుతూ, రసపట్టులో ఉండగా, తలుపు తెరుచుకుందంటూ కథ ముగించేశాడట. అలాంటి చోట తలుపు తెరిచినవాడికి శిక్ష పడాల్సిందేనని ఆమె వాదన.

నాకు నవ్వొచ్చింది. తమ్ముడు పోయాక నవ్వడం అదే మొదలు.

నేను చదివితే అతను చదివినట్టే వాళ్ళకు కనబడుతుందని నాకు తట్టలేదు. ముద్దాయి దొరికాడని నర్సు రాసింది. చాటుగా చూసింది చాలు, బోనెక్కమని బాబాయి ఆజ్ఞ. నేను ఫోన్ బోర్లించి పెట్టాను.

చెప్పేయవచ్చు. కానీ అతన్ని ఇంకా తిట్టేవాళ్ళు, రమ్మనేవాళ్ళు లోకంలో ఆ ఒక్క చోటే మిగిలారు. నేను చెబితే ఆ చోటు కూడా ఉండదు. అందుకని ఖాళీ పీరియడ్‌లో స్టాఫ్ రూమ్ కిటికీ దగ్గర కూర్చుని, ఏమీ రాయకుండా చదువుతూ వచ్చాను.

క్రమంగా వేళాకోళం తగ్గింది. అన్నీ చూస్తూ పలకడంలేదంటే లిఫ్టు మనసు కష్టపెట్టుకున్నాడని వాళ్ళు అనుకోసాగారు. తప్పెవరిదో కూడా తేల్చుకున్నారు. ఆ గ్రూపులో బట్టలు కుట్టే ఒకామె ఉంది, టైలరమ్మ. చివరిసారి తమ్ముడు వాదించింది ఆమెతోనే. ఉతకబోయే బట్టల జేబులు ఎవరు చూడాలన్నది తగాదా. తొడుక్కున్నవాడే చూసుకోవాలని ఇతను, ఉతికేవాళ్ళే చూడాలని ఆమె. మాటకు మాట పెరిగి, ఇంట్లో పెళ్ళామో పిల్లలో ఉంటే కదా నీకు తెలిసేది అని ఆమె అనేసింది. ఇప్పుడు నర్సు ఆ మాట పైకి తీసి, అలా అనకుండా ఉండాల్సిందని మందలించింది. బాబాయి కూడా తోడయ్యాడు.

టైలరమ్మ ఇలా రాసింది:

"లిఫ్టూ, నోరు జారాను. నాకు తమ్ముడుంటే వాడితో కూడా ఇలాగే పోట్లాడేదాన్ని. తప్పయిపోయింది. నువ్వు రానంటే నేనే పోతాను. నాకోసం ఈ నలుగురినీ వదులుకోకు."

ఆమె పోతానన్నది ఊరికే అన్న మాట కాదు. పొద్దంతా కుట్టుమిషన్ ముందు ఒంటరిగా కూర్చునే ఆమెకు పలికే మనుషులు వీళ్ళేనని తమ్ముడు చెప్పేవాడు. నేను దాచుకున్న నాలుగు రోజుల నవ్వుకు ఆమె మూల్యం చెల్లిస్తోంది.

రాయడం మొదలుపెట్టాను. కన్నుమూశాడు అని రాసి చెరిపాను. ఇక లేడు అన్నదీ చెరిపాను. చివరికి ఇలా పంపాను:

"నేను లిఫ్టు వాళ్ళ అక్కను. మా తమ్ముడు గుండెపోటుతో చనిపోయాడు. ఇన్నాళ్ళూ ఇవి చదివింది నేను. టైలరమ్మగారూ, మీ మాట వాడు ఆ రోజే నాకు చదివి వినిపించాడు. బాధపడ్డావా అని అడిగాను. బాధపడితే నీకు చదివి వినిపిస్తానా అక్కా, రేపు ఆవిడకు ఏం జవాబివ్వాలో చెప్పు అన్నాడు. ఆ రేపు వాడు పనికి వెళ్ళాడు. ఇంటికి రాలేదు."

తర్వాత చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. బాబాయి ఏదో మొదలుపెట్టి, మధ్యలో తీసేశాడు. చివరికి టైలరమ్మ రాసింది.

"కోపంతో వెళ్ళిపోయాడనుకున్నానండీ. కోపమే అయితే ఎంత బాగుండేది."

ఓదార్చడానికి వచ్చినవాళ్ళంతా నాకు ధైర్యం చెప్పారు, కాలం చెప్పారు, విధి చెప్పారు. నేను అనుకుంటున్నది మాత్రం ఈమె తప్ప ఎవరూ చెప్పలేదు. నాకూ అలాగే ఉందని ఆమెకు రాశాను.

"అక్కా, మరి జవాబేం చెప్పారు మీరు, నాకివ్వమని?" అని ఆమె అడిగింది.

జేబులు ఉతికేవాళ్ళే చూడాలని చెప్పాననీ, ఇంట్లోనే శత్రువును పెట్టుకున్నానని వాడు తల పట్టుకున్నాడనీ రాశాను. ఇంకేమనేవాడని బాబాయి అడిగాడు. కిటికీ అవతల పిల్లలు పరుగెత్తుతున్నారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని, వాళ్ళ గురించి వాడు ఏమనేవాడో ఒక్కొక్కటే చెప్పసాగాను.