అడక్కుండానే రాసిన ముగింపు

ఆమెకున్న భయమల్లా ఒక్కటే. తను మిషను ముందు కూర్చుని కాలర్లు కుడుతుండగా, గోడకు అవతల పిల్లల గదిలో నిద్రపోతున్న పది నెలల పాపకు ఊపిరి ఆగిపోతుందేమోనని. ఈ భయం పాప పుట్టినప్పటిది కాదు. బట్టల కార్ఖానాలో ఉన్న ఆ గదికి పాపను తీసుకెళ్ళడం మొదలుపెట్టిన నాలుగో వారం నుంచి పట్టుకుంది.

అలాంటి మనిషి, మంగళవారం సాయంత్రం పని నుంచి వచ్చి, పాపను చంకలోంచి దించి, పాలసీసాకు చోటు చేద్దామని బల్ల మీది కాగితాలు పక్కకు జరిపింది. అవి ఆడపడుచువి. ఆ పిల్ల కాలేజీ కోసం పరిశోధన పత్రం రాస్తోంది. పై కాగితం మీద ‘కార్మిక తల్లుల పిల్లల్లో దగ్గు, ఆయాసం: కారణాలు’ అని గుండ్రటి అక్షరాలతో ఉంది. మా గురించే రాస్తోందే అని ముచ్చటపడి చదవసాగింది. తొమ్మిదో తరగతిలోనే బడి మానిపించారు గాని, చదవడం మరిచిపోయిన మనిషి కాదు.

ఒకటి, పరిచయం. రెండు, తల్లులకు అవగాహన లేకపోవడం. మూడు, శుభ్రత పాటించకపోవడం. నాలుగు, ముగింపు: తల్లులకు తరగతులు పెట్టాలి. దాని కింద నమూనాగా నింపిన ఫారం ఒకటి. వయసు ఇరవై మూడు, కాలర్లు కుట్టే పని, ఒక్కతే బిడ్డ. చదువు: తక్కువ. అవగాహన: లేదు. చేతులు కడుక్కునే అలవాటు: అప్పుడప్పుడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఒకసారి ఇలా రా,” అని పిలిచింది. గొంతు పెంచలేదు. అందుకే ఆడపడుచు దువ్వెన జుట్టులోనే ఉంచుకుని వచ్చేసింది.

“ఎవరిదమ్మా ఈ ఫారం?”

“నమూనాకి వదినా. గైడు మేడమ్ ఒకటి నింపి చూపించమన్నారు. నువ్వెలాగూ ఇంట్లోనే ఉన్నావు కదా అని...”

“ఇంట్లో ఉన్నదాన్ని అడగడానికి నోరు పడిపోయిందా? అప్పుడప్పుడు కడుగుతానా నేను చేతులు? మరి రెండు పూటలా ఆ చేతులతో వండిందే లొట్టలేసుకుంటూ తింటావేం?”

“అందులో పేర్లుండవు వదినా.”

“పేరు లేకపోతే నన్ను నేను గుర్తుపట్టలేనా? సరే, ఎంతమందిని అడిగావు?”

“ఇంకా ఎవర్నీ లేదు. రేపు పొద్దున మేడమ్ ఈ ప్రణాళిక చూసి సరేనంటే అప్పుడు అడగాలి.”

“ఎవర్నీ అడక్కుండానే ముగింపు ఎలా వచ్చింది?”

ఆడపడుచు దువ్వెన తీసి చేతిలో పట్టుకుంది. “ముందే రాసుకుంటే పని తేలికని మేడమే...”

“కొలతలు తీసుకోకుండా చొక్కా కత్తిరించి, పట్టకపోతే నీ ఒళ్ళే వంకర అన్నట్టుంది. మా సూపర్‌వైజరే నయం మీ మేడమ్ కంటే.”

ఆ మాటకు ఆడపడుచుకూ రోషం వచ్చింది. “అయితే కారణమేంటో నువ్వే చెప్పు. నామీద విరుచుకుపడితే నాకు మార్కులు పడవు.”

“చెబుతా. రాసుకో.”

చెప్పింది. కటింగ్ గదిలో గుడ్డ కోసేటప్పుడు లేచే నూగును బయటికి లాగే ఫ్యాను, సరిగ్గా పిల్లల గది కిటికీ పక్కనే వదులుతుంది. నూగు లోపలికి రాకుండా ఆ కిటికీకి అట్టముక్క కొట్టారు. నూగు సందుల్లోంచి వస్తూనే ఉంది, గాలి మాత్రం ఆగిపోయింది. నూగు ఎక్కువ రేగే ఫ్లానెల్ గుడ్డ కోసిన రోజున పద్నాలుగు మంది పిల్లల్లో తొమ్మిదిమందో పదిమందో దగ్గుతారు. నున్నటి పాప్లిన్ గుడ్డ కోసిన రోజున ఇద్దరు. సూపర్‌వైజర్‌తో చెబితే, అంత సుకుమారమైతే పిల్లని ఇంట్లోనే పెట్టుకో అన్నాడు.

“ఇదంతా లెక్కపెట్టావా నువ్వు?” అంది ఆడపడుచు నెమ్మదిగా.

“పాలివ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఇంకేం చేస్తాననుకున్నావు, పాటలు పాడతాననుకున్నావా? మీ ఫారంలో కిటికీ గురించి ఒక్క ప్రశ్నయినా ఉందా?”

లేదు. ఆడపడుచు పాత కాగితం మడిచి పక్కన పడేసి కొత్తది తీసింది. ఒకటి, గది. రెండు, ఫ్యాను, కిటికీ. మూడు, ఏ రోజు ఏ గుడ్డ, ఆ రోజు ఎంతమందికి దగ్గు. తల్లులను, ఆ గదిలో పిల్లల్ని చూసుకునే ఆయాను అడగాల్సినవి విడిగా రాసుకుంది. రాస్తున్నంతసేపూ వదిన పక్కనే నిలబడి, అక్షరం తేడా వస్తే కొట్టేలా చూస్తూనే ఉంది. కోపం ఒక్క పిసరు కూడా తగ్గలేదు.

“నాలుగోది వదినా? ముగింపు లేకపోతే మేడమ్ ఒప్పుకోరు.”

“మేడమ్ ఆ గది ఎప్పుడైనా చూసిందా?”

“లేదు.”

“అయితే ముగింపు రాయకు. అక్కడ నేను చెప్పేది రాయి, ఉన్నదున్నట్టు.”

ఆడపడుచు రాసింది:

‘ఇది చదువుతున్న మేడమ్ గారికి. ఈ రోజు బుధవారం, ఫ్లానెల్ కోత ఉంది. నాకు మిషను వదిలి కదిలే వీల్లేదు. మధ్యాహ్నం రెండు దాటాక మీరు మా బట్టల కార్ఖానాలో కటింగ్ గది వెనకున్న పిల్లల గదికి వెళ్ళండి. తలుపు పక్కన చాప మీద, పసుపు చొక్కాలో మా పాప ఉంటుంది. నిద్రలో ఉంటే లేపొద్దు. గుండె మీద చెయ్యి వేసి, ఊపిరి సరిగ్గా ఆడుతోందో లేదో ఒక్కసారి చూసి రండి.’