ఊరికే పోయే పిల్ల

పాస్‌పోర్టు అన్న మాట చెవిన పడితే చాలు, పెద్దపంజాణి పక్కనున్న ఆ ఊళ్ళో ఎవరికైనా తోచేది ఒక్కటే, కువైటు. అక్కడి ఇళ్ళల్లో అంట్లు తోమడానికి, పిల్లల్ని ఎత్తుకోవడానికి పోయే ఆడవాళ్ళకే పాస్‌పోర్టు. ఇంకెవరికట? అందుకే 2004 మార్చిలో అంకయ్య కూతురు హరిత పాస్‌పోర్టు విచారణకు పోలీసాయన కాగితం పట్టుకుని రాగానే, ఊరంతా కలిసి ఆ పిల్లను కువైటు విమానం ఎక్కించేసింది.

హరితకు ఒళ్ళు మండిపోయింది. పుంగనూరు నర్సింగ్‌హోమ్ ల్యాబులో ఐదేళ్ళుగా రక్తపరీక్షలు చేసిన పిల్ల. రెండు నెలలు సెలవడిగి, వాళ్ళు కుదరదంటే ఉద్యోగమే వదిలేసింది. ఆమె గీసుకున్న దారి ఇదీ: మద్రాసు నుంచి బ్యాంకాక్, అక్కణ్ణుంచి బస్సుల్లో, పడవల్లో లావోస్, వియత్నాం, కాంబోడియా. తోడు లేదు. తిండి ఖర్చు తగ్గించుకోవడానికి మూడు కిలోల వేయించిన రాగిపిండి. వీపు సంచి కూడా కొన్నది కాదు. పాత టార్పాలిన్‌కు మంచం నవారు పట్టీలు వేయించి మదనపల్లెలో కుట్టించుకుంది. ఇక రావాల్సింది పాస్‌పోర్టే.

"ఈ పిల్ల మాకు తెలుసు" అని ఊళ్ళో ఇద్దరు సంతకం పెట్టాలి. అంగన్‌వాడీ టీచరు రెడ్డెమ్మ పెట్టేసింది. రెండోదానికి పోలీసాయన నడిచింది ఊరి పెద్దరైతు వరదరాజులు వాకిట్లోకి. అంకయ్య ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళు కడుతున్న టమాటా తోట ఆయనదే. హరిత, ఆమె తల్లి వెంకటలక్ష్మమ్మ వెనకే వెళ్ళి గడప బయట నిలబడ్డారు.

వరదరాజులు కాగితం చూసి నవ్వాడు. "కువైటుకేనా మ్మేయ్? మా బామ్మర్ది మదనపల్లెలో ఏజెంటు. మంచి ఇల్లు సూసి పెడ్తాడులే."

"కువైటు కాదప్పా. వేరే దేశాలు సూడను పోతాండాను. రెండు నెల్లు తిరిగేసి వొస్తా."

"ఆడ ఏం పని నీకు?"

"పనేమీ లేదు. ఊరికే."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఊరికేనా! పని లేకుండా మీవోళ్ళు యాడికి పొయ్యినారే ఇన్నాళ్ళూ? మీ తాత పుంగనూరు సంతకు పొయ్యింది గూడా మా నాయన ఆవుల్ని తోలుకోనే. పనికైతే పెడ్తా సంతకం. తిరుగుళ్ళకు పెట్టను."

వెంకటలక్ష్మమ్మ గాభరాగా అడ్డం వచ్చింది. "పనికేలే సామీ, పిల్లకు సెప్పను తెలీలేదు. కువైటుకే. పెట్టు సామీ." ఊ అనమని కూతురి జబ్బ గిల్లింది.

ఒక్క ఊ అంటే చాలు, సంతకం పడిపోతుంది. ఆ ఊ హరిత గొంతుదాకా వచ్చింది కూడా. కానీ ఈయన ముందు ఆ మాట అనడం కంటే పాస్‌పోర్టు లేకుండా చావడం నయమనిపించింది.

"మాయమ్మ అబద్ధం సెప్తాండాది. పనికి కాదు, ఊరికే పోతాండాను. మీ ప్రీతి ఊటీకి పొయ్యొచ్చింది గదా, ఆడ ఏం పని సేసొచ్చింది?"

కూతురి పేరెత్తేసరికి వరదరాజులు మొహం కందగడ్డయింది. పోలీసాయన వైపు తిరిగాడు. "ఈ పిల్ల ఎవురో నాకు తెల్దు సార్."

తెలియదట! ఏడేళ్ళప్పట్నుంచీ సెలవుల్లో ఆయన తోటలో టమాటాలు కోసిన పిల్ల. పది పాసైతే ఆయన చేత్తోనే పెన్ను అందుకున్న పిల్ల. ఎంత నోరు!

"సోమవారం లోపల ఇంకొక సంతకం తెచ్చుకోమ్మా. లేకుంటే తెలీదనే రాసి పంపాల" అని పోలీసాయన కాగితం ఇచ్చి వెళ్ళిపోయాడు. వరదరాజులు కాదన్నాక సంతకం పెట్టే మొనగాడు ఊళ్ళో ఎవడు? హరిత ఏ వాకిట్లోకి వెళ్ళినా ఆ ఇంటాయన పొలానికి పోయి ఉన్నాడు.

తోట నుంచి వచ్చిన అంకయ్య కూతురి మీద ఇంతెత్తున లేచాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి! అడుగు బయట పెడితే కాళ్ళిరగ్గొడతా!" అంతలోనే గొంతు తగ్గించాడు. "ఏమన్నాడూ? తెల్దన్నాడా?"

"తెల్దన్నాడు నాయనా."

మళ్ళీ అడిగాడు. అదే చెప్పింది. అంకయ్య సంగటి ముద్ద ముట్టకుండా చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు ఆయన తోటకు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. ఆ ఊళ్ళో బోరుకు కరెంటు పొద్దున ఆరు నుంచి తొమ్మిదిదాకే. ఏ మడికి ఏ వాల్వు తిప్పాలో అంకయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. మార్చి ఎండకు చెట్లు వాడిపోయాయి. మదనపల్లె మార్కెట్టుకు మంగళవారం లారీ మాట్లాడి పెట్టుకున్న వరదరాజులు, ఆదివారం పొద్దున తనే వాళ్ళ వాకిట్లోకి వచ్చిపడ్డాడు.

"రేయ్ అంకయ్యా! తోట మాడిపోతాంటే ఈడ పండుకోనుండావా? లెయ్!"

అంకయ్య మంచం మీద నుంచి లేవలేదు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎగాదిగా చూశాడు. "ఎవురప్పా నువ్వు? నాకు తెల్దే."

లోపలున్న హరిత గడపలోకి పరుగెత్తుకొచ్చింది. నాయన ఆయనకు ఎదురు చెప్పగా ఆమె ఏనాడూ వినలేదు.

వరదరాజులు తిట్టాడు. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా అన్నాడు. అంకయ్య అటు తిరిగి పడుకున్నాడు. కరెంటు పోవడానికి ఇంకో గంటన్నరే ఉంది.

"తే మ్మేయ్, ఆ కాగితం." వరదరాజులు మోకాలి మీద పెట్టుకుని కసిగా గీకి విసిరేశాడు.

"ఏం రాసినాడో సదువమ్మా" అన్నాడు అంకయ్య.

హరిత చదివింది. "అంకయ్య కూతురు. పుట్టినప్పటి నుంచి తెలుసు. పని మీద విదేశాలకు వెళ్తోంది."

"పని మీద కాదప్పా. అది కొట్టేయ్. ఊరికే అని రాయి." అంకయ్య వదల్లేదు.

వరదరాజులు పళ్ళు కొరుకుతూ రాశాడు. అంకయ్య పార భుజానేసుకుని తోట దోవ పట్టాడు. కూతురి మొహం చూడలేదు. పాస్‌పోర్టు వచ్చినా ఆమెతో మాట్లాడలేదు.

మే నెలలో హరిత కుప్పంలో మద్రాసు రైలెక్కుతుంటే, ప్లాట్‌ఫారం చివర అంకయ్య పంచె ఎగ్గట్టుకుని నిలబడి ఉన్నాడు. కూతుర్ని సాగనంపడానికి వచ్చిన వెంకటలక్ష్మమ్మ చూసి అరిచింది. "పని మానుకోని నువ్వు ఏంటికి వొచ్చినావు?"

"ఊరికే" అన్నాడు అంకయ్య.